మాట్లాడితే తగ్గుద్దా?

మా వైపు 'మందు' అనే మాటకి నాలుగు అర్థాలు. జ్వరమొస్తే వేసుకునేది మందు. చేలో పురుగు పడితే కొట్టేది మందు. పైరుకి వేసే యూరియా, డీఏపీ కూడా మందుకట్టలే. ఇక సాయంత్రం బజార్లో తాగేది సరేసరి. అందుకే ఎవరన్నా వచ్చి "ఫలానా ఆయన మందు తాగాడంట" అంటే వినేవాళ్లు ముందు అడిగేది "ఏ మందు?" అని.

ఈ ముక్క మా టీములో చెప్తే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సీటు దగ్గరకొచ్చి కూర్చున్నాక మాత్రం ఏదోలా అనిపించింది. మా ఊళ్లో ఆ ప్రశ్న అడిగేటప్పుడు ఎవరూ నవ్వరు మరి.

ఈ టపా ఐదో మందు గురించి. మాట్లాడటం అనే మందు. ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్ని కాను, సైకాలజిస్టుని అసలే కాను. జావా రాసుకుని బతికేవాణ్ణి. ఆరు వారాలు ఒక కౌన్సెలర్ ముందు కూర్చున్న అనుభవం, మా నాన్నతో పడ్డ అనుభవం, ఆ తర్వాత కుతూహలం కొద్దీ చదివిన నాలుగు సంగతులు, ఇవే నా పెట్టుబడి. తప్పులుంటే తెలిసినవాళ్లు సరిదిద్దండి.

మా ఊరు పర్చూరు దగ్గర. నేను పుట్టినప్పుడు ప్రకాశం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. జిల్లా మారింది గానీ నేల మారలేదు. అదే నల్లరేగడి, అదే పత్తి, అదే మిరప, అదే నూటికి రెండు రూపాయల వడ్డీ. రైతు ఆత్మహత్య అంటే ఇప్పుడు అందరికీ విదర్భ గుర్తొస్తుంది గానీ, 1987-88లోనే తెల్లదోమ దెబ్బకి ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. నేను పుట్టకముందు సంగతి అది. ఇప్పటికీ మా వీధిలో ఒక ఇంటి గురించి మాట్లాడుకునేటప్పుడు పెద్దవాళ్లు గొంతు తగ్గిస్తారు. ఆ గొంతు తగ్గించడం ఒక్కటే మాకు వారసత్వంగా వచ్చింది. ఏం జరిగింది, ఎందుకు జరిగింది అని కూర్చుని మాట్లాడుకోవడం రాలేదు.

సరే, అసలు కథకొస్తా.

2021 చివర్లో కోవిడ్ పుణ్యమా అని నేను ఇంటి నుంచే పని. మేడ మీద గదిలో ల్యాప్‌టాప్, కింద నాన్న, అమ్మ, గేదెలు. ఆ ఏడు మిరప వేసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, నల్ల తామరపురుగు వచ్చింది. అంతకుముందు మావాళ్లు చూసిన తామరపురుగు ఆకుల్ని ముడుచుకునేలా చేసేది. ఇది నేరుగా పూతలో దూరింది. పూత నిలబడకపోతే కాయ ఎక్కడిది? ఎకరానికి లక్షన్నర పైన పెట్టిన తోట కళ్లముందే ఎండిపోయింది. ఏ మందు కొట్టినా వారం తిరక్కముందే మళ్లీ పురుగు. కొందరు తోట పీకేసి మొక్కజొన్న వేశారు. నాన్న పీకలేదు. రోజూ వెళ్లి గట్టు మీద కూర్చుని వచ్చేవాడు.

అప్పట్లో నాకు అర్థం కాలేదు గానీ, ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే అన్నీ వరసగా కనిపిస్తాయి. తెల్లారుజామున మూడింటికే లేచి అరుగు మీద కూర్చోవడం. టీ కొట్టు దగ్గరకి వెళ్లడం మానేయడం. టీవీలో వార్తలొస్తున్నా చూపు ఇంకెక్కడో ఉండటం. ఎప్పుడూ పచ్చడి ముద్దకి నెయ్యి వేయించుకునే మనిషి, పెట్టింది తిని చెయ్యి కడుక్కుని లేచిపోవడం. సర్వరు పడిపోయే ముందు లాగుల్లో వార్నింగులు వస్తూనే ఉంటాయి, చూసేవాడే ఉండడు. మా ఇంట్లోనూ అదే జరిగింది.

నేనేం చేశానో తెలుసా? మంచి కొడుకు చేసేదే చేశాను. "ఏం కాదులే నాన్నా, నేనున్నాగా" అన్నాను. "ఊళ్లో అందరికీ పోయింది, మనకొక్కళ్లకేనా?" అన్నాను. "ఇంక వ్యవసాయం మానేసి హైదరాబాదు వచ్చేయండి" అన్నాను. బోనస్ వచ్చాక బ్యాంకు అప్పు మొత్తం కట్టేసి, రసీదు తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. సమస్య క్లోజ్ అయిపోయిందనుకున్నా. ఆయన రసీదు మడిచి జేబులో పెట్టుకుని "మంచిదిరా" అని లేచెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి ఇంకా తక్కువ మాట్లాడాడు.

ఇక నా సంగతి. 2023లో మళ్లీ హైదరాబాదు, మాదాపూర్. ఊరంతా లేఆఫ్‌ల భయం. ఒక రాత్రి రెండింటికి ప్రొడక్షన్‌లో గొడవ, చూస్తే నేను చేసిన మార్పు వల్లే. నలభై నిమిషాల్లో సరిచేశాం, మేనేజరు పల్లెత్తు మాట అనలేదు. కానీ నాకు నిద్ర పోయింది. ఫోను మోగితే చాలు గుండె దడదడ. చెమటలు. ఓ రోజు గుండెపోటేమో అనుకుని ఆసుపత్రికి పరిగెత్తా. ఈసీజీ బ్రహ్మాండంగా ఉంది. అక్కడి పెద్దాయన అంతా విని, "బాబూ, గుండె బాగానే ఉంది, ఒకసారి కౌన్సెలర్ని కలువు" అన్నాడు.

నాకు కోపమొచ్చింది, అంటే నాకు పిచ్చనా? కానీ మా కంపెనీ వాళ్లు ఆరు సెషన్లు ఉచితం అన్నారు. ఉచితమంటే మనవాళ్లు వదులుతారా :)

వెళ్లేముందు నేను ఊహించుకున్నది ఏంటంటే, అక్కడ ఒక పెద్దావిడ కూర్చుని "పాజిటివ్‌గా ఆలోచించు బాబూ, యోగా చెయ్యి, ఫోను పక్కన పెట్టు" అని చెప్తుందని. అలాంటిదేమీ జరగలేదు. మొదటి గంటలో ఆవిడ ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. అడిగింది, విన్నది, నేను చెప్పినదాన్నే తన మాటల్లో తిరిగి చెప్పి "నేను సరిగ్గా అర్థం చేసుకున్నానా?" అంది. బయటికొచ్చి గంట దండగైందనుకున్నా. చిత్రంగా ఆ రాత్రి నిద్ర పట్టింది.

రెండో వారం నుంచి హోంవర్కు. ఒక కాగితం మీద నాలుగు గడులు. ఏం జరిగింది? ఆ క్షణంలో మనసులో మెదిలిన వాక్యం ఏంటి? అది నిజమనడానికి సాక్ష్యం ఏంటి? కాదనడానికి సాక్ష్యం ఏంటి? ఇంతే. చూడ్డానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. రాయడం మొదలుపెట్టాక తెలిసింది, ఆ వాక్యాన్ని పట్టుకోవడమే కష్టమని. ఫోను మోగడానికీ గుండె దడకీ మధ్య అరక్షణంలో ఒక వాక్యం వెళ్లిపోతుంది, మనం గమనించం. 1960ల్లో అమెరికాలో ఆరన్ బెక్ అనే సైకియాట్రిస్టు పట్టుకున్నది ఈ సంగతినే. ఆయన ఫ్రాయిడ్ పద్ధతిలో శిక్షణ పొందినవాడే. కానీ దిగులుతో వచ్చే మనుషుల్లో ఇలాంటి వాక్యాలు వాటంతటవే పుడుతుంటాయని, వాటిని బయటికి తీసి పరీక్షిస్తే దిగులు తగ్గుతుందని గమనించాడు. ఇప్పుడు సీబీటీ అంటున్నదానికి అది మూలం.

మన భాషలో చెప్పాలంటే డీబగ్గింగే. అన్నట్టు, మన ఫీల్డులో రబ్బరు బాతు కథ తెలుసుగా? 1999లో వచ్చిన ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్ పుస్తకంలో ఉంటుంది. బగ్ దొరక్కపోతే బల్ల మీద రబ్బరు బాతుని పెట్టుకుని కోడు ఒక్కో లైనూ దానికి వివరించమంటారు. సగంలోనే "ఓహో, ఇక్కడా!" అని మనకే తడుతుంది. బాతు ఏమీ చేయలేదు. బుర్రలో ఉన్నప్పుడు అన్నీ కలిసిపోయి ఉన్నవి, నోటితో చెప్పాల్సి వచ్చేసరికి ఒక వరసలోకి వచ్చాయి, అంతే. ఈ సంగతి మనకంటే ముందే కనిపెట్టినావిడ ఉంది. 1880ల మొదట్లో వియన్నాలో బ్రాయర్ అనే డాక్టరు దగ్గర వైద్యం పొందిన బెర్తా పాపెన్‌హైమ్, తనకి జరుగుతున్నదాన్ని 'మాటల వైద్యం' అంది, సరదాకి 'పొగగొట్టం శుభ్రం చేయడం' అని కూడా అంది. పేరు పెట్టింది డాక్టరు కాదు, పేషెంటు. నాకు ఈ సంగతి భలే నచ్చింది.

అయితే బాతుకీ మనిషికీ తేడా ఉంది. నాలుగో సెషన్లో ఆవిడ "ఉద్యోగం పోతుందన్నారు. పోతే ఏమవుతుంది?" అని అడిగింది. ఈఎంఐ అన్నా. "అదీ కట్టలేకపోతే?" ఊరికి వెళ్లిపోతా అన్నా. "వెళితే?" అంది. నేను నోరు తెరిచాను. నోట్లోంచి వచ్చిన వాక్యం నాకే తెలియదు.

"నా జీతం ఆగిపోతే మా నాన్న మిగలడు."

అదీ సంగతి. రెండేళ్లుగా నా గుండె దడ వెనకాల ఉన్నది ప్రొడక్షన్ సర్వరు కాదు, మూడింటికి లేచి అరుగు మీద కూర్చునే మనిషి. ఆవిడ టిష్యూ పెట్టె నా వైపు జరిపి ఊరుకుంది. "ధైర్యంగా ఉండండి" అనలేదు. అనకపోవడమే మేలైంది. అని ఉంటే నేను వెంటనే "ఆ, ఏం లేదు మేడం" అని మూసేసేవాణ్ణి.

చివరి రోజున అడిగాను, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇట్టా జనాల ఏడుపులు వినడం విసుగనిపించదా మేడం అని. ఆవిడ నవ్వింది. విసుగు రాదంట, తొందర వస్తుందంట. ఎదుటి మనిషి బాధపడుతుంటే ఏదో ఒకటి చెప్పి ఆపేయాలన్న తొందర. కొత్తలో తను కూడా సలహాలిచ్చేసేదంట. తర్వాత తెలిసిందంట, ఆ సలహా ఎదుటివాళ్ల బాధ తగ్గించడానికి కాదు, ఆ బాధ చూడలేక తనకు కలిగే ఇబ్బంది తగ్గించుకోవడానికి అని. "నా ఉద్యోగంలో సగం ఆ తొందరని ఆపుకోవడమే" అంది.

ఆ మాట విన్నాక నాకు బ్యాంకు రసీదు గుర్తొచ్చింది.

ఇక్కడ నా అసలు అభిప్రాయం చెప్తా. తిట్టుకున్నా ఫర్లేదు. మన గుంటూరు, ప్రకాశం వాళ్లకి మాటల కరువు లేదు. టీ కొట్టు, రచ్చబండ, మిర్చి యార్డు, పెళ్లి పందిరి, ఎక్కడ చూసినా మాటలే. రాజకీయాల మీద రాత్రి పన్నెండు దాకా వాదిస్తాం. కానీ ఒక మనిషి తన మనసులో బాధ చెప్పబోతే మన దగ్గర మూడే సమాధానాలు. ఒకటి, సలహా: "ఇట్టా చెయ్యి, అట్టా చెయ్యి." రెండు, పోలిక: "నీదేముంది, వాడి సంగతి చూడు." మూడు, గదమాయింపు: "మగాడివి, ఏందిది ఆడపిల్లలా?" మూడూ ప్రేమతోనే అంటాం, నేనూ అన్నాను. మూడింటి పనీ ఒక్కటే, ఎదుటివాడి నోరు మూయించడం. "మా ఊళ్లో అందరం కలిసిమెలిసి ఉంటాం, మాకు కౌన్సెలర్లెందుకు" అనేవాళ్లతో నాకు పేచీ ఇక్కడే. కలిసి ఉండటం నిజం. వినడం మాత్రం అబద్ధం.

2025 సంక్రాంతికి ఇంటికెళ్లేసరికి మిరప ధర పడిపోతోంది. రెండేళ్ల ముందు క్వింటాలు ఇరవై వేలు దాటిన సరుకు, పదకొండు పన్నెండు వేలు పలకడమే కష్టంగా ఉంది. ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద 11,781 రూపాయలు లెక్కగట్టింది. కోతకూలి, మందుల ఖర్చు, కౌలు కలిపితే అది ఏ మూలకి? నాన్న టిక్కీలు కోల్డు స్టోరేజీలో పెట్టి, మళ్లీ మూడింటికి లేవడం మొదలుపెట్టాడు.

ఈసారి మార్చిలో వారం సెలవు పెట్టి వెళ్లా. తెల్లారుజామున నేనూ లేచి పక్కన కూర్చున్నా. మొదటి రెండు రోజులూ ఏమీ లేదు, దోమలు కుట్టించుకోవడం తప్ప. మూడో రోజు అన్నాను, "నాన్నా, నువ్వు నిద్రపోవట్లేదు, నాకు తెలుస్తానే ఉంది. ఏమనిపిస్తందో చెప్పు. నేనేం సలహా చెప్పన్లే" అని. ఆయన నా వైపు చూసి, "చెప్తే ఏమొచ్చిద్దిరా? మాట్లాడితే తగ్గుద్దా?" అన్నాడు. తెలియదు నాన్నా అన్నా. నిజంగానే తెలియదు.

కాసేపు ఆగి మొదలుపెట్టాడు. ధర గురించి కాదు, పురుగు గురించి కాదు. 2022లో నేను కట్టిన బ్యాంకు అప్పు గురించి. "నలభై ఏళ్లు సేద్యం చేశా. మా నాయన చేసిన అప్పు కూడా నేనే తీర్చా. చివరికి కొడుకు చేత అప్పు కట్టించుకున్నా. ఆ కాయితం నువ్వు చేతిలో పెట్టిన రోజు నా పని అయిపోయిందిరా అనుకున్నా. ఇప్పుడు మళ్లీ నీ మీదే పడతానేమోనని." నాకు నోటిదాకా వచ్చింది, "అట్టా అనుకుంటే ఎట్టా నాన్నా, నేను పరాయివాణ్ణా" అని. మింగేశా. నా జీవితంలో చేసిన కష్టమైన పనుల్లో అదొకటి. "నీ పని అయిపోయిందనుకున్నావు" అని మాత్రం అన్నా. ఆయన తలూపాడు. తెల్లారేదాకా చెప్తూనే ఉన్నాడు.

అప్పుడు అడగాల్సింది అడిగా. కౌన్సెలర్ ముందే చెప్పింది, చావు గురించి నేరుగా అడిగితే లేని ఆలోచన కలుగుతుందనేది అపోహ అని, అడిగితే ఎదుటివాళ్లకి కొంత ఊపిరాడుతుందని. "నాన్నా, ఎప్పుడైనా ప్రాణం తీసుకోవాలనిపించిందా?" చాలాసేపటికి "ఒకసారి" అన్నాడు. ఇంకేం అడగలేదు. ఆయన చెయ్యి పట్టుకున్నా, అంతే. పొద్దున్నే ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాలన్నీ తీసుకెళ్లి బాబాయి వాళ్ల కొట్టంలో పెట్టి తాళం వేసి, తాళంచెవి బాబాయి చేతికిచ్చాం. నాన్న చూస్తూనే ఉన్నాడు, ఏమీ అనలేదు. ఇదేదో నా అతి జాగ్రత్త అనుకోకండి. శ్రీలంకలో బాగా ప్రమాదకరమైన పురుగుమందుల్ని ఒక్కొక్కటిగా నిషేధించుకుంటూ వచ్చాక, 1995 నుంచి ఇరవై ఏళ్లలో ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం తగ్గింది. ఆ గడ్డు ఘడియలో చేతికి అందకపోతే చాలామంది బతుకుతారు, బతికి మళ్లీ మామూలవుతారు.

ఆ వారమే గుంటూరు తీసుకెళ్లి సైకియాట్రిస్టుకి చూపించాం. డాక్టరుగారు మాత్రలు రాసి, వాటితోపాటు వారం వారం వచ్చి మాట్లాడి వెళితే మంచిదన్నారు. ఇక్కడే వచ్చింది చిక్కు. మా ఊరి నుంచి పర్చూరు, చిలకలూరిపేట, అక్కడ బస్సు మారి గుంటూరు. పోను రాను ఒక రోజు పోయినట్టే, అమ్మ తోడు వెళ్లాలి, ఆ రోజు కూలి పనుల దగ్గర చూసేవాళ్లుండరు. మూడో వారానికి మానేశారు.

నేను చదవడం మొదలుపెట్టింది అప్పుడే. చదివితే తేలిందేంటంటే, ఈ బస్సు సమస్యకి జవాబు వెతికినవాళ్లు ఉన్నారు.

ఆఫ్రికాలో జింబాబ్వే. డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు దగ్గర వైద్యం పొందే ఒక అమ్మాయి 2005లో ఆత్మహత్య చేసుకుంది. ఆసుపత్రికి రావడానికి బస్సు చార్జీ లేక రాలేకపోయిందని ఆయనకి తర్వాత తెలిసింది. పేషెంటు రాలేకపోతే వైద్యమే ఊళ్లోకి వెళ్లాలని, 2006లో హరారేలో 14 మంది బామ్మలతో పని మొదలుపెట్టాడు. క్లినిక్ ఆవరణలో చెట్టు కింద ఒక చెక్క బెంచీ. దాని మీద శిక్షణ పొందిన బామ్మ కూర్చుని వింటుంది. అక్కడి షోనా భాషలో డిప్రెషన్‌కి దగ్గరగా ఒక మాట ఉంది, 'కుఫుంగిసిస' అని, అంటే అతిగా ఆలోచించడం. మన అమ్మలు "ఊరికే ఆలోచిస్తా కూర్చుంటన్నాడు" అంటారే, అచ్చంగా అదే. 573 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. ఆరు నెలల తర్వాత చూస్తే, మామూలు వైద్యం అందినవాళ్లలో దాదాపు సగం మందికి ఇంకా లక్షణాలున్నాయి. బెంచీ మీద మాట్లాడినవాళ్లలో 14 శాతం మందికే ఉన్నాయి.

ఆఫ్రికా ఎందుకు, గోవా చూడండి. విక్రమ్ పటేల్, ఆయన సంగాత్ సంస్థ వాళ్లు, ఏ డాక్టరు చదువూ లేని స్థానికులకి శిక్షణ ఇచ్చి, తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్లతో ఆరు నుంచి ఎనిమిది సార్లు మాట్లాడించారు. అందులో కీలకం చాలా సాదా సంగతి. దిగులుతో మనిషి పనులు మానేస్తాడు, పనులు మానేయడంతో దిగులు పెరుగుతుంది. కాబట్టి ఉత్సాహం వచ్చేదాకా ఆగకుండా, చిన్న పని ఒకటి ఎంచుకుని ముందు చేయడం. మూడు నెలలకి ఆ గుంపులో 64 శాతం మంది కోలుకున్నారు, రెండో గుంపులో 39 శాతం. ఇక మనలాంటి పత్తి నేల, విదర్భలో అమరావతి జిల్లా. అక్కడ 30 గ్రామాల్లో ఊరివాళ్లతోనే ఇలాంటి పని చేస్తే, డిప్రెషన్ ఉన్నవాళ్లలో వైద్యం కోసం వచ్చినవాళ్లు 18 నెలల్లో 4 శాతం నుంచి 27 శాతానికి పెరిగారు. మన రాష్ట్రంలో పశ్చిమ గోదావరిలో ఆశా వర్కర్ల చేతికి ట్యాబ్లెట్లిచ్చి, ఇంటింటికీ వెళ్లి దిగులు లక్షణాలు అడిగి, అవసరమైనవాళ్లని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపే ప్రయోగం జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చేశారు. అంటే ఇది మనవల్ల కాని పని కాదు.

దేశం మొత్తం మీద చూస్తే, నిమ్హాన్స్ వాళ్ల 2015-16 సర్వే ప్రకారం మామూలు మానసిక సమస్యలున్నవాళ్లలో 80 శాతానికి పైగా మందికి ఏ వైద్యమూ అందట్లేదు. అంతమందికి సరిపడా సైకియాట్రిస్టులు మన జీవితకాలంలో తయారవ్వరు. పర్చూరు మండలానికొకరు వస్తారనుకోవడం అత్యాశ. కానీ ఊరికి ఇద్దరు డ్వాక్రా అక్కలు, ఒక ఆశా వర్కరు, ఒక రిటైరైన మాస్టారు? శిక్షణ, నెలకోసారి వాళ్లని పర్యవేక్షించే ఒక సైకాలజిస్టు ఉంటే చాలు. వినడం పుట్టుకతో వచ్చే విద్య కాదు, నేర్చుకునేది.

ఇక్కడ మా ఫ్రెండొకడు నన్ను బాగా నిలదీశాడు. "రైతుకి ధర లేక చస్తుంటే నువ్వు కౌన్సెలింగ్ అంటావేంట్రా? అప్పు తీర్చండి, ధర ఇవ్వండి, వాడి దిగులు అదే పోద్ది. లేకపోతే ప్రభుత్వం ధర ఎగ్గొట్టి కౌన్సెలర్ని పంపిస్తుంది" అని. వాడి మాటలో నిజం చాలా ఉంది. ధరకి బదులు మాటలు ఇస్తామంటే నేనే ముందు ఒప్పుకోను. కౌలు రైతుకి బ్యాంకు అప్పు పుట్టకపోవడం, నకిలీ విత్తనం, యార్డులో ధర, ఇవేవీ ఎవరి మనసులోనో ఉన్న జబ్బులు కావు.

కానీ మా ఇంట్లో జరిగింది కూడా నిజమే కదా. అప్పు తీరిపోయింది, రసీదు చేతిలో ఉంది, దిగులు మాత్రం పెరిగింది. ఇంకో సంగతి, దిగులులో ఉన్న మనిషికి తన హక్కు కోసం తిరిగే ఓపిక ఉండదు. పంట నష్టం కాగితాలు రాయించుకోవడానికి మా నాన్న ఆఫీసుకి వెళ్లలేదు, అదంతా దండగనిపించింది. కోల్డులో పెట్టిన సరుకు ఎప్పుడు అమ్మాలో ఎవరినీ అడగలేదు. మనిషి నిలబడితేనే ధర కోసం కొట్లాడతాడు. అందుకే నా లెక్కలో ఇవి రెండూ పక్కపక్కన నడవాలి.

ఇప్పుడు మన సంగతి, అంటే ఊళ్లో తల్లిదండ్రులుండి, ఇక్కడ ఏసీలో కూర్చుని కోడు కొట్టే మన సంగతి. మన ఫోన్లు ఎలా ఉంటాయి? "తిన్నావా? తిన్నా. అమ్మ ఉందా? ఉంది. డబ్బులేశా, చూసుకో. సరే ఉంటా." మూడు నిమిషాలు. కాల్ లాగ్‌లో రోజూ మాట్లాడినట్టే ఉంటుంది. నేనిప్పుడు మార్చుకున్నవి చిన్నవే. వారానికి ఒక్కసారైనా అరగంట, డబ్బు గురించి ఎత్తకుండా. "బాగున్నావా" అని కాకుండా "రాత్రి ఎన్నింటికి లేచావు, పొద్దున ఎక్కడిదాకా నడిచావు" అని. ఆయన మాటల మధ్యలో ఆగితే ఆ ఖాళీని నా సలహాతో నింపకుండా. ఇది చికిత్స కాదు, కొడుకు కౌన్సెలర్ కాలేడు, కాకూడదు కూడా. కానీ వైద్యం అవసరమని తెలియాలంటే ముందు ఎవరో ఒకరు వినాలి కదా.

మీ ఇంట్లో గానీ, మీకే గానీ వారాల తరబడి నిద్ర, తిండి, పని మీద ధ్యాస పోతే డాక్టర్ని కలవండి. అప్పటికప్పుడు మాట్లాడాలంటే 14416కి ఫోన్ చేయండి. 2022 అక్టోబర్ 10న మొదలైన టెలీ మానస్ అది, కేంద్ర ప్రభుత్వానిది, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. నాన్నకి బస్సు బాధ తప్పింది దీనివల్లే. మొదటిసారి నేనే కలిపిచ్చి మేడ దిగి వెళ్లిపోయా. ఏం మాట్లాడాడో అడగలేదు. డాక్టరుగారి మాత్రలు కూడా కొన్ని నెలలు వాడాడు, ఆయన చెప్పాకే తగ్గించాడు.

అంతా బాగైపోయిందని ముగించాలని నాకూ ఉంది గానీ, కాలేదు. సరుకు నష్టానికే అమ్మాం. ఈ ఏడు మిరప సగానికి తగ్గించి శనగ వేశాడు. కొన్ని రోజులు మూడింటికే మెలకువ వస్తుందంట. కాకపోతే ఇప్పుడు లేస్తే అమ్మని కూడా లేపుతున్నాడు. "ముసలోడు నిద్ర పోడు, నన్ను పోనీడు" అని ఆవిడ నాకు ఫోన్లో కంప్లయింటు.

మొన్న ఆదివారం మళ్లీ టీ కొట్టు దగ్గరకి వెళ్లాడంట. ఊళ్లో ఇంకో ఆయన, ఈసారి ధర దెబ్బకి బాగా నలిగినాయన, నాలుగు రోజులుగా బయటికి రావట్లేదని అక్కడ తెలిసిందంట. నాన్న ఆయన ఇంటికెళ్లి గంటసేపు కూర్చుని వచ్చాడు.

"ఏం చెప్పావు నాన్నా?" అని అడిగా.

"నేనేం చెప్తానురా. వాడు చెప్తంటే ఇన్నా" అన్నాడు.